మరమ్మతు పనివారును ఇంజనీరను బిరుదమును

ఇంటిలోని ఏసీ యంత్రము గాని, బట్టలుతుకు యంత్రము గాని చెడిపోయినప్పుడు దానిని బాగుచేయుటకై కంపెనీవారు పంపు మనుష్యుని నేడు 'సర్వీసు ఇంజనీరు' అనుచున్నారు. వీథి మూలను సొంత దుకాణము పెట్టుకొన్నవానిని, వాడెంత నేర్పరియైనను, 'మెకానిక్కు' అనియే పిలుచుచున్నారు. ఇరువురి చేతనున్న పనిముట్లొక్కటే. చేయు పని యొక్కటే. పేర్లు మాత్రము వేఱు. ఈ భేదమును చూచి కొందఱు, నేర్పరియైన ప్రతి మరమ్మతు పనివానిని ఇంజనీరనియే పిలువవలెనని వాదించుచున్నారు. నాలుగేండ్లు కళాశాలలో చదివి పట్టము పుచ్చుకొన్నవారు దీనికి నొచ్చుకొని, ఆ పేరు తాము పరీక్షలలో గెలిచి సంపాదించుకొన్న సొత్తనియు, దానిని దారిని పోవువారికెల్ల పంచిపెట్టరాదనియు ప్రతివాదము చేయుచున్నారు.

ఇది పేరు కొఱకు జరుగు వట్టి పెనుగులాట యని కొట్టివేయుటకు వీలులేదు. చేతిపనిని మనమే కంటితో చూచుచున్నామను ప్రశ్న దీని క్రింద దాగియున్నది. మన యిండ్లలో బిడ్డల చదువులు, పెండ్లి సంబంధములు, జీతముల లెక్కలు, గుమ్మము కడ నిలిచినవానికి కుర్చీ వేయుటయా మానుటయా యను చిన్న మర్యాదలు కూడ నీ ప్రశ్నతో ముడివడియున్నవి. కావున నుభయపక్షముల వాదములను ఓపికతో పరిశీలింతము.

మొదట మాట పుట్టుకను చూతము. లాటిను భాషలో 'ఇంగేనియుమ్' అనగా సహజమైన ప్రతిభ, ఉపాయశక్తి. మధ్యయుగములందు కోటలను పడగొట్టు యుద్ధయంత్రములకు ఆ మాట నుండియే పేరు వచ్చినది. వానిని కట్టి నడుపువాడు 'ఇంగేనియాటోర్' అయ్యెను. ఆంగ్లదేశమున 18వ శతాబ్దమునందు జాన్ స్మీటన్ అను నాతడు సైనికేతర నిర్మాణములు చేయువాడనని చెప్పుటకై తన్ను 'సివిల్ ఇంజనీరు'నని చెప్పుకొనెను. అట్టివారు కూడి 1771లో నొక సంఘమును పెట్టుకొనిరి. 1818లో నేర్పడిన సివిల్ ఇంజనీర్ల సంస్థకు తొలి యధ్యక్షుడైన థామస్ టెల్‌ఫర్డు రాతిపనివానిగా జీవితమారంభించినవాడు. 1847లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు తొలి యధ్యక్షుడైన జార్జి స్టీఫెన్‌సన్ పదునెనిమిదేండ్ల ప్రాయము వచ్చువఱకు చదువను వ్రాయను నేర్వలేదు. కిల్లింగ్‌వర్తు గనిలో నీరు తోడు యంత్రము పనిచేయక పోగా 1811లో దానిని బాగుచేసి, ఆ మఱుసటి యేడు ఆ గనుల యంత్రములకెల్ల పెద్ద పనివాడయ్యెను. జేమ్సు వాట్ సంగతియు నట్టిదే. గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు పరికరములు చేసియిచ్చు నాతనికి 1763లో న్యూకమన్ యంత్రపు నమూనా యొకటి మరమ్మతునకు వచ్చినది. దానిని బాగుచేయుచు, ఆవిరి యింత వృథాగా నేల పోవుచున్నదని యాలోచించి, 1765లో ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చు నుపాయమును కనిపెట్టెను. పారిశ్రామిక యుగమునకు మూలమైన యంత్రము ఒక మరమ్మతు బల్ల మీద తన రూపము దిద్దుకొనినది.

ఈ చరిత్రను చూపి మొదటి పక్షమువారు, ఇంజనీర్లకు మూలపురుషులు మరమ్మతు పనివారే గదా, తాతల పేరు మనుమలు పెట్టుకొని, తాతలకే లేదనుట న్యాయమా యని యడుగుదురు. ఈ వాదము వినుటకు ఇంపుగా నున్నది గాని చాలదు. మాట పుట్టినప్పటి యర్థము వేఱు, లోకములో నిలిచిన యర్థము వేఱు. మన మీమాంసకులు దీనినే యోగము, రూఢి యని విభజించి, రెండును విరోధించిన చోట రూఢికే బలమనిరి. వారి యుదాహరణము మన ప్రస్తుతాంశమునకు మిక్కిలి దగ్గఱి చుట్టము.

వర్షర్తువునందు రథకారుడు అగ్న్యాధానము చేయవలెనని వేదములో నొక విధి యున్నది. రథకారుడన నెవ్వడు? రథమును చేయువాడెవ్వడైనను రథకారుడే యని యోగార్థమును పట్టుకొన్నవారి పూర్వపక్షము. అట్లు కాదు, రథకారుడను పేరు సౌధన్వనులను నొక జాతికి రూఢమైనది, ఆ జాతివానికే యీ యధికారమని పూర్వమీమాంస యాఱవ యధ్యాయములోని సిద్ధాంతము. ఈ సిద్ధాంతమునకు రెండు ముఖములున్నవి. త్రైవర్ణికులలో చేరని యొక పనివానికి వైదికాగ్నిని ఉంచుకొను నధికారమిచ్చుట దాని వెలుగు. పేరును పని నుండి విడదీసి పుట్టుకకు ముడివేయుట దాని చీకటి. రథము చేసినను రథకారుడు కాకపోవచ్చును. రథము చేయకున్నను కావచ్చును. ఆ సౌధన్వనుల మూలపురుషులెవ్వరు? సుధన్వుని కుమారులైన ఋభువులు. వారు త్వష్ట చేసిన యొక్క పాత్రను నాలుగు చేసిరి. అశ్వినులకు రథము చేసియిచ్చిరి. ముదుసలులైన తమ తల్లిదండ్రులను మరల యువకులను చేసిరి. మరమ్మతు పనికి ఇంతకంటె గొప్ప యుదాహరణము మఱియొకటి లేదు. ఆ పనితనము చేతనే వారు మర్త్యులై యుండియు దేవత్వమును, యజ్ఞములో భాగమును పొందిరని ఋగ్వేదము చెప్పుచున్నది. పనితనమువలన పేరు సంపాదించిన వంశము కాలక్రమమున పుట్టుకవలన మాత్రమే పేరు నిలుపుకొను జాతిగా మాఱినది. మన దేశమున చేతిపనుల చరిత్రయంతయు నీ రెండు వాక్యములలో నిమిడియున్నది.

నేడు పట్టభద్రులు చేయు వాదము ఈ సిద్ధాంతమునకు క్రొత్త రూపమువలె కనబడుచున్నది. పుట్టుక యున్న చోట పట్టము వచ్చి కూర్చున్నది. కాని వారికి న్యాయము చేయవలెనన్న నొక భేదమును చెప్పక తప్పదు. పుట్టుకను ఎవ్వరును సంపాదింపలేరు, పట్టమును సంపాదింపవచ్చును. కావున పట్టము నడుగుట తప్పు కాదు. ఆ పట్టము దేనిని పరీక్షించుచున్నది, పరీక్షకు వచ్చు దారి యెవరికి తెఱచియున్నది యని యడుగవలెను.

ఇక రెండవ పక్షమువారి ముఖ్యవాదము: ఇంజనీరు 'ఎందుకు' అని తెలిసినవాడు, మరమ్మతు పనివాడు 'ఎట్లు' అని మాత్రమే తెలిసినవాడని. ఇది యెంతవఱకు నిజము? మన పల్లెలలో ప్రతి సంతవీథిని కనబడు మోటారు వైండింగు దుకాణమును తీసికొందము. వేసవిలో రైతు కాలిపోయిన మూడు ఫేజుల మోటారును బండిపై వేసికొని వచ్చును. పనివాడు మూత విప్పి తీగచుట్లను చూచును. మూడు జట్ల చుట్లలో రెండు జట్లు మాడి నల్లబడి మూడవది క్రొత్తదానివలె నిగనిగలాడుచుండిన, ఇది స్టార్ పద్ధతిని కలిపిన మోటారనియు, కరెంటు మూడు తీగలలో నొకటి తెగిపోగా మిగిలిన రెంటిపై మోటారు నడచి కాలినదనియు చెప్పును. ఒక్క జట్టు మాత్రమే మాడి రెండు మిగిలిన, డెల్టా పద్ధతి యని యదే కారణము చెప్పును. అన్ని చుట్లును సమానముగా మాడిన, ఓల్టేజి తక్కువై గాని, బరువు మించి గాని కాలినదనును. ఇంటికి పోయి ఫ్యూజులు చూచుకొమ్మని రైతునకు హెచ్చరిక చేసి, పాత తీగ చుట్లు లెక్కించి, తీగ మందమును మైక్రోమీటరుతో కొలిచి, గాడులలో కాగితము పఱచి, క్రొత్త చుట్లు వేసి, వార్నీషు పట్టించి యెండబెట్టి, మెగ్గరుతో పరీక్షించి యిచ్చును.

కార్యమును చూచి కారణము నూహించుటను మన నైయాయికులు శేషవదనుమాన మనిరి. ఏటిలో నీరు నిండుగా, బురదగా వచ్చుట చూచి యెగువను వాన కురిసినదనుట వారి యుదాహరణము. మాడిన చుట్లను చూచి తెగిన తీగను చెప్పుట దానికంటె తక్కువ యనుమానమా? వైద్యుడు శరీరమును నిర్మింపలేదు. చెడినప్పుడు కారణము కనుగొని చక్కబఱచుటయే యాతని పని. నిర్మాణము చేయనివాడు పండితుడు కాడన్న, వైద్యుని గూడ మనము గౌరవింపరాదు. కావున మరమ్మతు బుద్ధిలేని పని యనువారు ఆ పనిని దగ్గఱనుండి చూడనివారు.

అయినను నాణెమునకు రెండవ వైపును చూడవలెను. కరెంటు ఓల్టేజి తఱచుగా తగ్గు పల్లెలలో, తక్కువ ఓల్టేజికి కూడ మోటారు నడచునట్లు చుట్లు తగ్గించి వేయుమని రైతు లడుగుదురు. కొందఱు పనివారు వేసియిత్తురు. మోటారు నడచును. కాని చుట్లు తగ్గిన ఇనుములో నయస్కాంత బలము మితిమీఱును. ఓల్టేజి సరిగా వచ్చిన దినమున మోటారు మిక్కిలి కరెంటు పీల్చి వేడెక్కి మరల కాలిపోవును. ఉన్నదానిని ఉన్నట్లు చేయుటలో నాఱితేఱినవాడు, ఉన్నదానిని మార్పవలసి వచ్చిన చోట లెక్క తెలియక పొరబడుచున్నాడు. ఇచ్చట రెండవ పక్షమువారి మాట నిలుచుచున్నది. క్రొత్తదానిని కల్పించుటకును, పాతదానిని మార్పుటకును శాస్త్రము కావలయును, అనుభవము చాలదు. అయితే లోపము మనుష్యునిది కాదు. ఆ లెక్కను అతని భాషలో, అతని దుకాణమునకు దగ్గఱగా, అతనికి చెప్పినవారు లేకపోవుట లోపము.

శాస్త్రము వేఱు, అనుభవము వేఱు అనుటయే కాని, ఒకటి పైది యొకటి క్రిందిది యనుట కూడదు. ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు గోదావరిపై ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర, లోతు తెలియని యిసుకలో పునాది వేయు విద్యను కావేరిపై తమిళ దేశపు ప్రాచీనులు కట్టిన పెద్ద యానకట్టను చూచి నేర్చుకొంటిమని స్వయముగా నొప్పుకొనెను. ఆ పాత యానకట్టను కట్టినవారికి కళాశాలలు లేవు. కాటన్ దొరకు వారి నుండి నేర్చుకొనుటలో చిన్నతనము తోచలేదు; కావుననే నేడు గోదావరి మండలములు పచ్చగా నున్నవి.

ఇక చట్టముల సంగతి. జర్మనీలో రాష్ట్రముల చట్టములు ఇంజనీరను పేరును అర్హత కలవారికే యిచ్చినవి. కెనడాలోని రాష్ట్రములందును ఆ పేరునకు నిబంధన లున్నవి. ఆంగ్లదేశమున ఇంజనీరను మాటకు కాపుదల లేదు. గ్యాసు పొయ్యి బాగుచేయువాడు కూడ నచ్చట ఇంజనీరే. 'చార్టర్డు ఇంజనీరు' అను పేరునకు మాత్రము కాపుదల కలదు. అమెరికాలో రైలు నడుపువానిని గూడ ఇంజనీరందురు. మన దేశమున 1972 నాటి చట్టము ఆర్కిటెక్టను పేరును కాపాడుచున్నది. ఆ చట్టము పేరునే కాపాడునుగాని పనిని ఇతరులకు నిషేధింపదని 2020లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. ఇంజనీరను పేరునకు మన దేశమున నట్టి చట్టమేదియు లేదు. కావున చట్టముచేత మరమ్మతు పనివానికి ఆ పేరు నిషేధము కాదు. న్యాయముచేత తగునా యనుటయే మిగిలిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము విమానశాలలో దొరకును. విమానమును పరీక్షించి, చెడిన భాగములను మార్చి, ఇది యెగురుటకు తగినదని సంతకము పెట్టువానికి మన ప్రభుత్వ విమానయాన శాఖ యిచ్చు లైసెన్సు పేరు 'విమాన నిర్వహణ ఇంజనీరు'. అతడు విమానమును నిర్మింపలేదు; కళాశాల పట్టము లేకయే ఆ లైసెన్సు పొందవచ్చును. అయినను శిక్షణ, అనుభవము, పరీక్షలు దాటి రావలెను. అతని సంతకము లేనిదే విమానము కదలదు. ఓడలలో యంత్రములు నడిపి మరమ్మతు చేయు ఇంజనీర్ల సంగతియు నిట్టిదే. మరమ్మతు చేయువాడు ఇంజనీరు కాగూడదను మాట దీనితో పడిపోవుచున్నది. ప్రతి మరమ్మతు పనివాడును ఇంజనీరే యను మాటయు దీనితోనే పడిపోవుచున్నది. పేరునకు మూలము పట్టము కాదు, ఉత్త నేర్పును కాదు; పరీక్షకు నిలిచిన నేర్పు, దానిపై తన పేరు వ్రాసి యితరుల ప్రాణములకు పూచీపడుట. ఈ పూచీ యెచ్చట నున్నదో అచ్చట పేరు నిలుచును. ఎచ్చట లేదో అచ్చట పేరు అలంకారమే.

ఈ దృష్టితో చూచిన కంపెనీవారు పంచిపెట్టు బిరుదములు తేలిపోవును. జీతము పెంచుటకు బదులు పేరు పెంచుట యజమానికి చౌకయైన యుపాయము. నెలకు వేయి రూపాయలెక్కువ నడిగినవానికి చొక్కాపై క్రొత్తపేరు కుట్టించి పంపిన, వాడు కొన్నాళ్ళు సంతోషించును. అంతటితో పోయిన బాగుండును. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము క్రింద 'పనివాడు' అను నిర్వచనములో చేరినవానికే యా చట్టపు కాపుదల యుండెడిది. ఇతనిని మేము ఇంజనీరనియు, ఆఫీసరనియు పిలుచుచున్నాము, కావున పనివాడు కాడని వాదించిన యజమానులు లేకపోలేదు. పేరును చూడరాదు, చేయు పనిని చూడవలెనని న్యాయస్థానములు మాటిమాటికి చెప్పవలసి వచ్చినది. బిరుదము మెడలో హారమగునట్లే సంకెలయు కావచ్చునని పనివారు గ్రహింపవలెను.

మఱి గౌరవమేది యని యడుగుదురు. గౌరవమునకు పరుల పేరు అరువు తెచ్చుకొననక్కఱ లేదు. తమ పేరునకే దానిని తెచ్చుకొనవచ్చును. ఆంగ్లదేశపు శస్త్రవైద్యుల కథ దీనికి నిదర్శనము. 1745 వఱకు వారు లండను నగరమున మంగలులతో నొక్క సంఘములో నుండిరి. పట్టము పొందిన వైద్యులకు 'డాక్టరు' అను పిలుపు, వీరికి వట్టి 'మిస్టరు'. పిమ్మట శస్త్రవైద్యము వృద్ధిపొంది లోకమాన్యమైనది. నేటికిని ఆ దేశమున శస్త్రవైద్యులు డాక్టరనిపించుకొనక మిస్టరనియే పిలిపించుకొనుటలో గర్వపడుచున్నారు. తక్కువ పేరు మాఱలేదు. పేరు వెనుకనున్న పని మాఱి, పేరును పైకెత్తినది.

మన పనివారికిని అట్టి పేరొకటి యున్నది. 'మేస్త్రీ' అను మాట పోర్చుగీసువారి 'మెస్త్రె' నుండి వచ్చినది. దానికి మూలము లాటిను 'మాగిస్టెర్'. అనగా గురువు, ప్రవీణుడు. ఇంగ్లీషు 'మాస్టరు'నకును మూలమదియే. బడిలో పిల్లలు నన్ను మాస్టరుగారని పిలుతురు. బడి గోడ కట్టినవానిని మేస్త్రీ యని పిలుతురు. ఇరువురము నొక్క తల్లి బిడ్డలమే; ఒకనికి 'గారు' తగిలినది, ఒకనికి తగులలేదు. తెలంగాణమున మోటారు దుకాణములలో పిల్లపనివారు తమ పెద్దను 'ఉస్తాద్' అనుచున్నారు. దానికిని గురువనియే యర్థము. ఇంజనీరను పేరును గట్టిగా కాపాడు జర్మనీయే, అదే లాటిను మాట నుండి పుట్టిన 'మైస్టర్' అను పేరును పనివారికిచ్చి అంతే గట్టిగా కాపాడుచున్నది. మైస్టరగుటకు చేతిపనిలోను, శాస్త్రములోను, వ్యాపారపు లెక్కలలోను, శిష్యులకు నేర్పు విధానములోను పరీక్ష లీయవలెను. ఆ దేశపు అర్హతల పట్టికలో మైస్టరు స్థానము కళాశాల మొదటి పట్టమునకు సమానము. అచ్చట మెకానిక్కు ఇంజనీరని చెప్పుకొనడు. చెప్పుకొనవలసిన యక్కఱయు లేదు.

మనకు ఐ.టి.ఐ.లు లేవా? 1950 నుండి శిక్షణ పథకము నడచుచున్నది; ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను మొదలగు విద్యలకు జాతీయ ప్రమాణపత్రము లిచ్చుచున్నారు. ఐ.టి.ఐ. నుండి పాలిటెక్నికునకును, పాలిటెక్నికు నుండి ఈసెట్ పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమునకును దారి కలదు. దారి యున్నది గాని దానిని మనము ఓడినవారి దారిగా చేసితిమి. పదవ తరగతిలో మార్కులు తగ్గిన బాలునికి 'పోనీ, ఐ.టి.ఐ.లో చేర్పింపుడు' అని శిక్ష విధించినట్లు చెప్పుదుము. యంత్రము విప్పి బిగించుటయందు పుట్టుకతో నభిరుచి గల బాలుని మాత్రము అప్పు చేసియైనను కళాశాలలో వేయుదుము. నాలుగేండ్లకు వాడు చేతిలో పట్టముతో, యంత్రమును ముట్టని చేతులతో బయటికి వచ్చును. రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంజనీరింగు కళాశాలలు వందల సంఖ్యలో వెలసినవి. మోటారు వైండింగు శాస్త్రయుక్తముగా నేర్చుకొన్నవాడు మండలమునకు నొకడైనను దొరకుట కష్టము. పేరు కొఱకు పని చచ్చినది.

కావున నా యభిప్రాయము స్పష్టము. మరమ్మతు పనివారినందఱను ఇంజనీరని పిలుచుట వారిని గౌరవించుట కాదు. వారి స్వంత పేరు గౌరవమునకు తగదని యొప్పుకొనుట. పరీక్షకు నిలిచి ప్రజల ప్రాణములకు పూచీపడు చోట, వారికి పట్టము లేకున్నను ఆ పేరు నీయవలెను. మిగిలిన చోటుల మేస్త్రీ యను పేరునకే పరీక్షయు, ప్రమాణమును, తగిన వేతనమును కల్పింపవలెను. ఇరువదేండ్లుగా దుకాణములో పనిచేసినవానికి, రాత్రివేళ, తెలుగులో, లెక్క సహితముగా విద్య చెప్పి పరీక్ష పెట్టవలెను. నేర్చిన మేస్త్రీ యిద్దఱు శిష్యులను తయారుచేసిన దానికి వేఱుగా ప్రతిఫల మీయవలెను.

ఈ పనులన్నియు ప్రభుత్వమువారివే యని చదువరులు చేతులు కడుగుకొనరాదు. ఇంటిలో జరుగవలసినవి కొన్ని కలవు. మరమ్మతునకు వచ్చినవానిని 'ఓయ్' అనక పేరుతో 'గారు' చేర్చి పిలువుడు, కూర్చుండ బెట్టుడు, మంచినీళ్ళు వేఱు గ్లాసులో గాక అందఱికిచ్చు గ్లాసులోనే యిండు. అర గంటలో ముగించినాడని కూలి తగ్గింపకుడు. ఆ యర గంట వెనుక పదేండ్ల యభ్యాసమున్నది. నేర్పరియైన ఎలక్ట్రీషియను సంబంధము వచ్చినప్పుడు, పని దొరకని పట్టభద్రుని సంబంధముతో సరితూచి చూడుడు. అమ్మాయికి యంత్రములపై నిష్టమున్న ఫిట్టరు విద్యకు పంపుటకు జంకకుడు. ఇవన్నియు చేసిన పిమ్మట వానిని ఇంజనీరనవలెనా, మేస్త్రీ యనవలెనా యను వివాదము తనంతట తానే చల్లారును. ఇవి చేయక బిరుదము మాత్రమే యిచ్చితిమా, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టక మెడలో దండ వేసి పంపినట్లగును.